మందుకు కొసరు

మా నాన్న నాతో మాట్లాడేవాడు కాదు. కుక్కతో మాట్లాడేవాడు. నేను వినాలి.

"అరేయ్, బియ్యం ఒడిసినయ్. తెచ్చేటోడు తెస్తే వండుత. తేకపోతే నువ్వూ నేనూ బన్ను తిని పండుదం."

కుక్క తల తిప్పి నావైపు చూసేది. నేనేం తక్కువ తిన్నానా? దాని చెవి వెనక గోకుతూ జవాబు చెప్పేవాణ్ణి. "పెద్దాయనకు చెప్పు, పొద్దుగూకంగ తెస్తనని. అట్లనే అడుగు, దొడ్డు బియ్యమా సన్న బియ్యమా?"

కుక్క మళ్లీ ఆయనవైపు తిరిగేది. "వాని జేబు దొడ్డుగుంటే సన్నవి తెమ్మను. జేబు సన్నగుంటే దొడ్డువి తెమ్మను," అనేవాడు నాన్న, మొహంలో నవ్వన్నది లేకుండా. నా నోటిదురుసు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసేది. గడియారం లోలకంలా మా ఇద్దరి మధ్య తల ఊపడమే ఆ కుక్క ఉద్యోగం. జీతం, చాయ్‌లో ముంచిన బిస్కెట్లు.

ఈ మౌనవ్రతానికి కారణం నేనే. నాన్న నారాయణగూడలో ఒక కాలేజీలో అటెండరు. గంట కొట్టేవాడు. ఉద్యోగమంతా వేరేవాళ్ల పిల్లల్ని క్లాసుల్లోకి పంపిన మనిషి, ఒకనాడు తన కొడుకు కూడా ఆ గంట విని పుస్తకాలు పట్టుకుని పరుగెత్తుతాడని ఆశపడ్డాడు. నేనేమో తొమ్మిదో తరగతిలో ఉండగానే, గంట కొట్టకముందే లేచి బయటికి వచ్చేశాను. చిక్కడపల్లిలో ఒక మైకుసెట్టు దుకాణంలో చేరాను. ఆటో వెనక సీట్లో కూర్చుని, ఆటో నెత్తి మీద మైకు గొట్టం కట్టుకుని, చీరల తగ్గింపు దగ్గర్నుంచి తప్పిపోయిన పిల్లల దాకా అన్నీ ఊరికి చెప్పడం నా పని. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు నా ఆటో వస్తుంటే కిటికీలు మూసుకునేవాళ్లు. నేను కావాలనే అక్కడ ఇంకొంచెం గట్టిగా అరిచేవాణ్ణి. చదువు మీద పగ అలా తీర్చుకున్నాను.

బస్తీలన్నీ నా మాట వినేవి, ఇంట్లో ఉన్న ఒక్క మనిషి తప్ప. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమె మధ్యవర్తి. "మీ నాయిన అడుగుతుండు" అని ఇటు, "నీ కొడుకు చెప్తుండు" అని అటు మాటలు మోసేది. మోసి మోసి అలసిపోయిందో ఏమో, ఒక చలికాలం మంచం పట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత మా రెండు గదుల్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

కుక్క వచ్చాకే మళ్లీ మాట పుట్టింది. రిటైరయ్యాక నాన్న అశోక్‌నగర్‌లో ఒక బ్యాంకు ఆఫీసరు గారింట్లో మొక్కలకు నీళ్లు పోసేవాడు. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఆయనకు బదిలీ అయ్యింది, కుక్కకు కాలేదు. తెల్లటి పొమేరియన్. అంటే తల్లి పొమేరియన్, తండ్రి మన చిక్కడపల్లి. గొలుసు, గిన్నె, పౌడరు డబ్బాతో సహా దాన్ని నాన్న చేతికి అప్పగించి వెళ్లారు. వాళ్లు పెట్టిన ఇంగ్లీషు పేరుకు నాన్న నోరు తిరగలేదు. "అరేయ్" అన్నాడు. అదే పేరైంది. పాపం, మర్యాదస్తుల ఇంట్లో పెరిగిన ప్రాణం. "ఇటు రామ్మా" అంటే వచ్చేది, "ఇటు రా బే" అంటే చిన్నబుచ్చుకుని మంచం కిందికి దూరేది. నెల తిరిగేసరికి మన భాష ఒంటబట్టించుకుని, "ఏందిరా" అన్నా తోక ఊపడం నేర్చింది.

ఆ కుక్కకు గజ్జి పట్టింది.

వానాకాలం. ముందు చెవుల అంచున, తర్వాత మోచేతుల దగ్గర బొచ్చు ఊడి చర్మం ఎర్రగా తేలింది. ఒళ్లంతా ఒకటే గోకుడు. నాన్న వేపాకు నూరి పూశాడు. గంధకం కొబ్బరినూనెలో కలిపి పూశాడు. ఒక పక్క ఆకుపచ్చగా, ఒక పక్క పసుపుగా ఉన్న కుక్కను చూసి, "మనింటికి హోలీ జల్ది వచ్చింది," అన్నాను. నాన్న దాని తల ఒళ్లో పెట్టుకుని అన్నాడు.

"అరేయ్, నీ ఒళ్లు మండుతుంటే కొందరికి తమాషా. దవాఖానకు తీస్కపోయే మొగోడు లేడా ఈ ఇంట్ల?"

తీసుకెళ్లాను. నారాయణగూడ పశువుల దవాఖానాలో ఒక డాక్టరమ్మ చూసింది. చర్మం కొంచెం గీకి, భూతద్దం కింద పెట్టి చూసి, "భయం లేదండీ, చిన్న పురుగు. తగ్గిపోతుంది. కాకపోతే మధ్యలో ఆపకూడదు. వారం వారం ఇంజక్షన్, ఈ షాంపూ, ఈ టానిక్," అని చీటీ రాసిచ్చింది. చూసినందుకు ఆమె తీసుకున్నది ఏమీ లేనట్టే. మందులు మాత్రం బయట కొనుక్కోవాలి.

మందుల దుకాణంలో బొటనవేలంత సీసా నా ముందు పెట్టి దుకాణం అతను ధర చెప్పాడు. నేను సీసా ఎత్తి వెలుగులో చూశాను.

"అన్న, ఇది మందా, సెంటా?"

"కుక్క మందన్న. బయటి దేశం కంపెనీది."

"మొన్న మా నాయినకు జ్వరమొస్తే నీ దగ్గర్నే గోలీలు తీస్కపోయిన. చాయ్ పైసలల్ల వచ్చినయ్. కుక్క మా నాయినకన్న పెద్దమనిషా?"

"జ్వరం గోలీ ఊరంత కొంటది. ఈ సీస నువ్వూ, గీ మేడమూ కొంటరు. మరి ఊరంత మోసే బరువు మీ ఇద్దరి మీదనే పడ్తది గద."

ఆ మేడం నా పక్కనే, పిల్లి ఉన్న మూత బుట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నిట్టూర్చింది. "నిజమేనండీ. మా ఆయన బీపీ మాత్రలకి కూడా ఇంత అవదు. ఇంట్లో చెప్పలేక కూరగాయల్లో కలిపేస్తున్నాను. వంకాయలు ఎందుకింత ప్రియం అయ్యాయని ఆయన మార్కెట్టుని తిడుతుంటారు." బుట్టలోంచి పిల్లి కూడా ఏదో ఫిర్యాదు చేసింది. సగం సీసా అమ్ముతారా అని అడిగాను. అమ్మరట. చీటీలో ఏదన్నా ఒకటి తగ్గిస్తే ఏమవుతుందని అడిగాను. "నన్నడుగుతవేందన్న, కుక్కనడుగు," అన్నాడు.

మొదటి వారం అన్నీ కొన్నాను. ఇంజక్షన్ డాక్టరమ్మే చేసింది. నా వారం సంపాదన ఆ చిన్న సీసాలోకి దిగిపోయింది. కానీ గోకుడు తగ్గింది. కుక్క మూడు రోజులకు మళ్లీ గుమ్మం దగ్గర వెల్లకిలా పడి ఆవలించింది. నాన్న దాని పొట్ట నిమురుతూ, నాకు వినపడేంత గొంతుతో అన్నాడు.

"ఫర్వాలేదు రా. వాడు ఒక్క పనన్న సక్కగ చేసిండు."

బడి మానేశాక ఆయన నోట నేను విన్న మొదటి మెప్పు అది. కుక్క ద్వారా వచ్చినా మెప్పు మెప్పే. ఆ రోజు అశోక్‌నగర్‌లో కిటికీలు మూసుకునేవాళ్లకు కూడా నా గొంతు తీయగా వినిపించి ఉండాలి.

రెండో వారం మళ్లీ సీసా కొనాలి. వానల్లో మైకు పని తక్కువే, అది నిజం. కానీ పైసలు లేక కొనలేదంటే అబద్ధమవుతుంది. దుకాణం సేటును అడిగితే అడ్వాన్సు ఇచ్చేవాడు. నాకు మనసొప్పలేదు. అంత చిన్న సీసాకు అంత పెట్టేవాడు పిచ్చోడని నా లెక్క. ఊరంతటినీ ఎగతాళి చేసేవాణ్ణి, నేనే పిచ్చోణ్ణి కావడం నచ్చలేదు.

మాకు పాలు పోసే ఆయన కవాడిగూడ నుంచి వచ్చేవాడు. అక్కడ ఆయనకు బర్రెల కొట్టం ఉంది. రోజూ పొద్దున్న ఆయనకూ నాకూ కొసరు దగ్గర యుద్ధమే. కొలత పోశాక గిన్నె వెనక్కి తీయకుండా అలాగే పట్టుకుని నిలబడేవాణ్ణి. "బర్రెను గిట్ల ఇప్పుకపోతవా?" అనేవాడు. "దూడ ఏడుస్తది గని, లేకుంటే కొంటవోతుంటి," అనేవాణ్ణి. చివరికి ఇంత ఒంపేవాడు. ఒక్క పాలేనా, ఏ కొలతనూ నేను కొసరు లేకుండా ఇంటికి తెచ్చి ఎరగను. కూరగాయల బండి దగ్గర కరివేపాకు, బజ్జీల బండి దగ్గర ఇంకొక మిరపకాయ, పల్లీల దగ్గర పిడికెడు. కొసరు వేయనివాడు మోసం చేసినట్టే నాకు.

ఆ పొద్దున కుక్క మందు గోడు పాలాయనతో చెప్పుకున్నాను. చీటీ చూపిస్తే పేరు చదివించుకుని నవ్వాడు.

"గదే మందు మా బర్రెలకు పోస్తం తమ్మీ. ఇంత సీస వస్తది. నీ చిన్న సీస ధరకు నాకు పెద్దదే వస్తది. అడుగున జర మిగిలింది, కావాల్నంటే తీస్కో."

మర్నాడు పాత టానిక్ సీసాలో పోసి తెచ్చి ఇచ్చాడు. పైసలు వద్దన్నాడు. నేను అలవాటు కొద్దీ, "కొసరేదన్న?" అన్నాను.

"మందుకు కొసరేందిర భయ్! గిది పాలనుకున్నవా? బర్రెకు పోసే మందు, కుక్కకు చుక్కలల్ల లెక్క. డాక్టరమ్మను అడిగి పొయ్యి."

ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. అంతకన్నా, బర్రెల మందు పట్టుకుని ఆమె ముందు నిలబడాలంటే నామోషీ.

నాన్న పేపరు చదవడానికి లైబ్రరీకి వెళ్లే దాకా ఆగాను. పాత సిరంజి సూది తీసేసి, డాక్టరమ్మ చిన్న సీసాలోంచి ఎంత తీసిందో గుర్తు చేసుకుని అంత మేరకే తీశాను. కుక్క నోరు తెరిచింది. ఎప్పుడూ పెట్టేది బిస్కెట్లే కదా, నా చెయ్యి మీద దానికి అనుమానం ఎందుకుంటుంది? మింగేసింది. సీసాలో ఇంకా మందు ఉంది. ముఫ్తుగా వచ్చిన మందు. ఇంకాస్త పడితే గజ్జి ఇంకా తొందరగా పోతుంది, నాన్న ఇంకో మాట అంటాడు. మళ్లీ తీశాను. దాని తర్వాత ఇంకొంచెం.

"ఇగో, నీ కొసరు," అని దానితో అన్నాను కూడా. తోక ఊపింది.

పొద్దు వాలకముందే పని నుంచి వచ్చాను. కుక్క ఎదురొస్తూ తలుపు చెక్కకు గుద్దుకుంది. "ఏం రా, కల్లు దుకాణం కెళ్లి వస్తున్నవా?" అని నవ్వాను. మళ్లీ లేచి నడిచి, గోడకు గుద్దుకుంది. నోటి నుంచి చొంగ కారుతోంది. వెనక కాళ్లు ఒకదానికొకటి మెలిపడుతున్నాయి.

నాన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన జిలేబి కట్టిన కాగితం. కుక్క కళ్ల ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప వాలలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, నల్లగుడ్లు పెద్దవై, లోపల ఎవరూ లేనట్టు.

"అరేయ్, వానికి చెప్పు," అన్నాడు నాన్న. "లైబ్రరీ కెళ్లి వస్తుంటే వేడి జిలేబి కనవడ్డది. నీకింత పెట్టిన. అది పడలే. ముసలోనికి బుద్ధి లేదని చెప్పు."

కుక్క నావైపు తిరగలేదు. నేను ఎక్కడున్నానో దానికి తెలియలేదు. నేను చెప్పవలసిన క్షణం అదే. జిలేబి కాదు, నేను అని. నా నోరు ఊరంతా వినే నోరు. ఆ గదిలో పెగల్లేదు. "ఆటో తెస్త," అని మాత్రం గోడకు చెప్పి బయటికి వచ్చాను.

దొరికింది మా మైకు ఆటోనే. పైన గొట్టం, పక్కల చీరల బ్యానరు. దారి పొడుగునా నాన్న కుక్కను గుండెకు పట్టుకుని, "నాదే తప్పు రా, నాదే," అంటూనే ఉన్నాడు. ప్రతి మాటా నా చెవి పక్కనే.

దవాఖానాలో డాక్టరమ్మ తన ఇంటికి బయల్దేరబోతూ మమ్మల్ని చూసి ఆగింది. కళ్లలోకి లైటు కొట్టి చూసింది. "ఏం పెట్టారు?"

"జిలేబి మేడం. నేనే పెట్టిన," అన్నాడు నాన్న.

"జిలేబీకి చూపు పోదండీ. ఇంకేం తిన్నాడు? ఎలకల మందు? ఏదైనా మందు తాగించారా? ఏం పడిందో తెలిస్తేనే నేనేం చెయ్యాలో తెలుస్తుంది."

"ఇంకేం లేదు మేడం. పాపం నాదే."

నేను వంగి కుక్క చెవి దగ్గరికి వెళ్లాను. ఆయన మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు తెలిసిన దారి ఒక్కటే.

"అరేయ్... పెద్దాయనకు చెప్పు. జిలేబి కాదని. బర్రెల మందు తెచ్చి వాడే పోసిండని. సరిపోయినంక గూడ కొసరు పోసిండని చెప్పు."

డాక్టరమ్మ నన్నూ కుక్కనూ మార్చి మార్చి చూసింది. కుక్క నా గొంతు గుర్తు పట్టింది. ఎప్పటిలాగే మాట అందుకుని నాన్నకు చేర్చడానికి తల తిప్పింది. నాన్న కుడివైపు ఉన్నాడు. అది ఎడమవైపు గోడకు తిరిగి, అక్కడే చూస్తూ ఉండిపోయింది.

ఎంత పోశానో డాక్టరమ్మ అడిగింది. దాచకుండా చెప్పాను. ఆమె అరిస్తే బాగుండేది. అరవలేదు. "దీనికి విరుగుడు లేదండీ. సెలైన్ ఎక్కించి, ఒంట్లోంచి అది పోయేదాకా కాపాడుకోవాలి. ప్రాణానికి ఫర్వాలేదనుకుంటా. చూపు వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను." రాస్తూ రాస్తూ తలెత్తింది. "ధరలు ఎక్కువేనండీ, నాకూ తెలుసు. కొనలేకపోతున్నాను అని ఒక్క మాట వచ్చి అంటే, వేరే దారి ఏదో చూసేదాన్ని కదా."

నేను కొనలేక కాదు అని ఆమెకు చెప్పలేదు.

చీటీ బల్ల మీద ఉంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాన్న తలెత్తి నా కళ్లలోకి చూశాడు.

"ఏం నిలవడ్డవ్? పో. సెలైన్ తే."

మధ్యలో కుక్క లేదు. అమ్మ లేదు. నాకే అన్నాడు. పరుగెత్తాను.

మందుల దుకాణం అతను దూరం నుంచే పలకరించాడు. "ఏమన్న, మళ్ల సెంటు కావాల్నా?" నేను చీటీ గాజుబల్ల మీద పెట్టాను. నా మొహం చూసి సీసాలు తీసి సంచిలో వేశాడు. ధర చెప్పాడు. బేరం ఆడలేదు. చిల్లర కూడా చూసుకోలేదు. ఆ పైసలతో ఆ చిన్న సీసా ఎన్నోసార్లు కొనవచ్చు.

కుక్క బతికింది. చాపమీద పడుకోబెట్టి, నాన్న దూదితో పాలు పిండేవాడు. కొన్నాళ్లకు కాళ్లు నిలిచాయి. ఆ తర్వాత నెమ్మదిగా చూపు వచ్చింది. పగటి వెలుగులో బాగానే తిరిగేది. పొద్దుగూకితే మాత్రం తలుపు చెక్కను ముక్కుతో వెతుక్కునేది. డాక్టరమ్మ, వయసు వల్ల కూడా కావచ్చన్నది. నాకు ఆ మాట కావాలని ఎంత ఉన్నా తీసుకోలేకపోయాను.

నాన్న ఆ రోజు నుంచీ నాతో నేరుగానే మాట్లాడాడు. మిగిలిన వారాలకు డాక్టరమ్మ మార్చి రాసిన, నోట్లో పోసే మందు నేనే కొని తెచ్చేవాణ్ణి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు.

"చీటీ చూపియ్యి."

చూపించేవాణ్ణి.

"సిరంజి వెలుగుల పట్టు. ఎంతున్నది? చెప్పు."

చెప్పేవాణ్ణి, క్లాసులో లేచి నిలబడ్డ పిల్లాడిలా.

"గీత దాటొద్దు. దాటితే పారబోసి మళ్ల తియ్యి."

తొమ్మిదో తరగతి నుంచీ ఏ గొంతు కోసం ఎదురుచూశానో అదే గొంతు. నా మీద నమ్మకం పోయాక వచ్చింది. బియ్యం ఒడిసినా నాతోనే చెప్పేవాడు, పొయ్యి నూనె అయిపోయినా నాతోనే. మధ్యలో కుక్క పడుకుని వినేది. నాన్న నోరు తెరవగానే, మాట తనకే ఇచ్చాడనుకుని తలెత్తి నావైపు తిరిగేది. ఆ మాట అప్పటికే నన్ను చేరిపోయి ఉండేది. కాసేపు చూసి, మళ్లీ తల కాళ్ల మీద పెట్టుకునేది. చూపు కొంత పోయింది, ఉద్యోగమూ పోయింది. రెండూ నా చేతి మీదుగానే.

పాలాయనకు జరిగింది చెప్పాను. "నేను ఇయ్యకుండ ఉండాల్సింది," అన్నాడు. ఆయన తప్పేముంది అందులో? చెప్పాల్సింది చెప్పే ఇచ్చాడు. ఆ మర్నాటి నుంచి కొలత పడగానే నేను గిన్నె వెనక్కి తీసేసేవాణ్ణి.

ఒక పొద్దున ఆయన కొసరు ఒంపబోతే, "వద్దన్న, చాలు," అన్నాను. లోపలి నుంచి నాన్న గొంతు వినిపించింది.

"తీస్కో. పాలకు కొసరు తీస్కోవచ్చు. మన అరేయ్‌గాని వాట అది."

హాస్యమాడాడో, తిట్టాడో, మన్నించాడో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన మొహంలో ఎప్పుడూ నవ్వు కనిపించదు కదా. పాలాయన మాత్రం రోజుకన్నా ఎక్కువే ఒంపాడు.

ఆ కొసరు తీసుకెళ్లి కుక్క గిన్నెలో పోశాను. మబ్బు పట్టిన పొద్దు, ఇంట్లో వెలుగు తక్కువ. కుక్క వాసన పట్టుకుంటూ వచ్చింది. గిన్నె దొరకక ముందు నా చెయ్యి దొరికింది, మందు పోసిన చెయ్యి. దాన్నే నాకింది. నేను గిన్నెను దాని మూతి కిందికి జరిపి, తాగినంతసేపూ కదలకుండా పట్టుకున్నాను.